బోకుల గోపన్న

తిరుపతి,
3 సెప్టెంబర్ 2025.

చెల్లెలు కోమలికి,

అన్న మునికృష్ణ దీవించి రాస్తున్నది. ఫోన్ చేస్తే నువ్వు బస్సులో టికెట్లు కొడుతూనైనా ఉంటావు, డ్యూటీ దిగి నిద్రలోనైనా ఉంటావు. మీ ఇంటికి చేస్తే రెండు మరమగ్గాల మోతలో నా మాట నాకే వినపడదు. పదిహేనేళ్లు షాపుల బోర్డులు రాసిన చెయ్యి కదా, కాగితం కనిపిస్తే ఊరుకోదు.

మంచి కబురు. మా యాడ్ ఆఫీసుకు పెద్ద పని వచ్చింది. చిత్తూరు దగ్గర కొత్తగా ఒక కంపెనీ గిన్నెల సబ్బు చేస్తోంది. పేరు ‘తళుకు’. ఓనరు హరినాథ్ గారు. కేబుల్ టీవీకి, ఊరూరా తిరిగే ప్రచార ఆటోలకు ప్రకటన కావాలన్నారు. రాసింది నేనే, గొంతు కూడా నాదే.

దీనికి సరుకు మీ ఇంట్లోనే దొరికింది. మొన్న మీ ఊరి జాతరకు వచ్చాను కదా, నువ్వు డ్యూటీలో ఉన్నావు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే మీ ఆయన గోపీ లుంగీ ఎగ్గట్టి, నెత్తిన తువ్వాలు చుట్టుకుని, పెరట్లో అంట్ల గిన్నెలు ముందేసుకుని బోకులు తోముతున్నాడు. నన్ను చూసి "రా బావా" అన్నాడే గాని లేవలేదు, తోముతూనే ఉన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. అదే ఇప్పుడు పనికొచ్చింది. చదువు:

(మగవాళ్ల గొంతులు) "బోకుల గోపన్నా, బోకుల గోపన్నా, గాజులు యాడ పెట్నావు గోపన్నా?" (నవ్వులు.) (ఆడ గొంతు) "ఇట్లా ఇయ్యండి. మీరు వీధికి రాజు, వంటిల్లు మాది. తళుకు ఉంటే ఇల్లాలి చెయ్యి ఒక్కటి చాలు."

హరినాథ్ గారు రెండుసార్లు పెట్టించుకుని విన్నారు. నువ్వూ చదివి నవ్వి, ఎట్లా ఉందో రాయి. మీ వదిన రాజశ్రీ, మా పాప హేమశ్రీ బాగున్నారు.

మీ అన్న,
మునికృష్ణ


పుత్తూరు, డిపో విశ్రాంతి గది,
5 అక్టోబర్.

అన్నకు,

నీ ఉత్తరం అందిన రోజు నేనూ నవ్వాను. దాచను. ఆ పేరు దగ్గర కొంచెం ఆగాను గాని, ఆ ప్రకటన మా నగరి దాకా వస్తుందని అనుకోలేదు.

వచ్చింది. పోయిన నెల పదిహేనో తేదీ నుంచి ఆటో రోజుకు రెండుసార్లు మా మగ్గాల వీధిలో తిరుగుతోంది. మొదటి రెండు రోజులు ఎవరికీ ఏమీ తోచలేదు. మూడో రోజు ఎవరో మా ఇంటివైపు చెయ్యి చూపించారు. అంతే. ఇప్పుడు ఆయన టీ అంగడికి పోతే "బోకుల గోపన్నా, రా" అంటున్నారు. మా చిన్నిని మూడో తరగతి పిల్లలు "గోపన్న కూతురా" అని పిలుస్తున్నారు.

అదంతా ఆయన ఓర్చుకున్నాడు. పోయిన ఆదివారం మరమగ్గాల సంఘం మీటింగు. నూలు నాసిరకంగా వస్తోందని, గంటకు నాలుగుసార్లు పోగు తెగుతోందని చెప్పడానికి ఆయన లేచాడు. నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవరో నీ పాట ఎత్తుకున్నారు. అందరూ నవ్వారు. సంఘం పెద్ద కుప్పయ్య కూడా నవ్వాడు. గోపీ కూర్చున్నాడు. నూలు సంగతి ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికి వచ్చి నాతో ఒకటే మాట అన్నాడు. "రేపట్నుంచి నేను పొయ్యి కాడికి పోను. నువ్వు ఆ ఉద్యోగం మానుకో."

నేను కండక్టరుగా చేరి తొమ్మిదేళ్లు. ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదలు. మా అత్త పోలేరమ్మకు చక్కెర జబ్బు, వేళకు తిండి పడాలి. మా అత్త కూడా కొడుకు మాటే మాట్లాడుతోంది. మానను అని చెప్పాను. ఇద్దరికీ చెప్పాను.

అన్నా, ఆ ప్రకటన ఆపించు. బతిమాలుకుంటున్నానని అనుకోవద్దు, అడుగుతున్నాను. జవాబు డిపో అడ్రసుకే రాయి. ఇంట్లో ఆ సబ్బు పేరు ఎత్తితే మాటలు పెరుగుతున్నాయి.

కోమలి


తిరుపతి,
14 అక్టోబర్.

చెల్లెలికి,

ఇంత చిన్నదాన్ని అంత పెద్దది చేస్తావని అనుకోలేదు. గోపన్న అనే పేరు పాటకు కుదిరిందని పెట్టాను. రాష్ట్రంలో గోపీలు ఎంతమంది లేరు? నవ్వేవాళ్లు నాలుగు రోజులు నవ్వి మరిచిపోతారు. గోపీకి చెప్పు, మగవాడన్నాక ఆ మాత్రం తోలు మందం ఉండాలి.

ఆపించడం నా చేతిలో లేదు. సబ్బు బాగా కదులుతోందని హరినాథ్ గారు ప్రకటనను ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కొనేది ఆడవాళ్లు, విని నవ్వేది కూడా ఆడవాళ్లే. మీ వదిన కూడా విని నవ్వింది.

ఉద్యోగం విషయం నీ ఇష్టం. కాకపోతే ఇంట్లో పెద్దావిడ ఉంది, చిన్నపిల్ల ఉంది. కొంచెం ఆలోచించు.

మునికృష్ణ


పుత్తూరు,
27 అక్టోబర్.

అన్నకు,

మొన్న గురువారం నా బస్సు తిరుపతిలో రెండు గంటలు ఆగింది. నేరుగా మీ ఇంటికి వచ్చాను. తాళం వేసి ఉంది. పక్కింటి కృపామణి అక్క నన్ను లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది. "మీ వదినకు గూడూరు పక్కన ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చినాది గదమ్మా, పోయి మూడు వారాలైనాది. మీ అన్న పాపకు హోటల్ నుంచి పార్సిల్ తెస్తాండాడు. నీకు చెప్పలేదా?" అంది.

తెలుసన్నట్టు తల ఊపి వచ్చేశాను.

వదిన నవ్విందని రాశావు. నువ్వు ఆ మాట రాసేనాటికి ఆమె ఆ ఇంట్లోనే లేదు. ఎప్పుడు నవ్వింది అన్నా?

నేనూ ఒకటి దాచాను, రాస్తున్నాను. ముగ్గురికీ వండి పెట్టి తెల్లారకముందే డ్యూటీకి పోతున్నాను. ఈ నెల పదో తేదీ వడమాలపేట దాటాక నిలబడే కునికాను. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి బస్సు కిటకిటలాడుతోంది కాబట్టి నలుగురు పట్టుకున్నారు, లేకుంటే మెట్ల మీద పడేదాన్ని. ఎడమ మణికట్టు బెణికింది. కట్టు గోపీ చూశాడు. ఆ పూట చిన్నికి జడ వేశాడు. పొయ్యి మాత్రం ముట్టలేదు. ఆయన పట్టుదల నా మీద కాదని నాకు తెలుసు. కానీ అది పడుతున్నది నా మీద.

ఇంకొకటి. తోలు మందం అని రాశావు. చిత్తూరులో మన పాత ఇల్లు తలుచుకో. అమ్మ వేలూరు ఆస్పత్రిలో ఎనిమిది నెలలు ఉన్నప్పుడు నాకు ఆరేళ్లు, నీకు పదకొండు. నాయన నాకు తల దువ్వాడు, మన బట్టలు ఉతికాడు, బోకులు తోమాడు. ఎవరైనా చూస్తారేమోనని వెనక తలుపు వేసుకుని తోమేవాడు. ఆ తలుపు దగ్గర కావలి ఉన్నది నువ్వు. ఎవరైనా వస్తుంటే దగ్గేవాడివి. నాయన చప్పున లేచి చేతులు తుడుచుకునేవాడు. అట్లా దాక్కుంటూ మనకు అన్నం పెట్టాడు. గోపీ దాక్కోలేదు. నువ్వు వస్తే "రా బావా" అన్నాడు. నాయన చేస్తే కావలి కాసినవాడివి, గోపీ చేస్తే నీకు నవ్వు ఎట్లా వచ్చింది?

నేను ఉద్యోగం మానను. నువ్వు ఆపించినా, ఆపించకపోయినా మానను.

కోమలి


తిరుపతి,
12 నవంబర్.

కోమలీ,

నీ ఉత్తరం అందింది.

మీ వదిన నవ్వలేదు. ఆటోలు మొదలైన రెండు వారాలకు ప్రకటన మొదటిసారి టీవీలో వచ్చిన రోజే ఆమెకు పోస్టింగు కాగితం కూడా వచ్చింది. "ఇల్లు ఎవరు చూస్తారు, వదులుకో" అన్నాను నేను. ఆమె అన్నం వడ్డిస్తూనే చెప్పింది. "ఇల్లాలి చెయ్యి ఒక్కటి చాలని రాసినావు గదా. ఆ చెయ్యి ఇంగ బడికి పోతాది. నీ చేతులు రెండు ఉండాయి, చూసుకో." నాలుగో రోజు రైలెక్కింది. నేను తెలిసినవాళ్లెవరికీ చెప్పలేదు. నీకు అసలే చెప్పలేదు. వారం వారం వస్తుందిలే, ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

పోయిన వారం హేమశ్రీకి జ్వరం వచ్చింది. మాత్రలు ఇంట్లో ఎక్కడుంటాయో నాకు తెలియదు. ఆ పిల్లే లేచి, గోడ పట్టుకుని నడిచి, బియ్యం డబ్బా పక్కనున్న డబ్బా చూపించింది. గంజి పెట్టబోతే అడుగంటింది. నా ప్రకటన బహుమతిగా కంపెనీవాళ్లు ఇచ్చిన సబ్బుల పెట్టె ఇంట్లోనే ఉంది. దానితోనే ఆ గిన్నె తోమాను. మాడు పోలేదు. హేమశ్రీ మంచం మీద నుంచే "నాన్నా, ముందు నీళ్లు పోసి నానబెట్టల్ల" అంది. పదకొండేళ్ల పిల్లకు అది తెలుసు. నాకు నలభై మూడు.

నాయన సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోయానని అనుకోవడం సులువుగా ఉండింది. దగ్గడం నా పని. ఒకరోజు దగ్గడం మరిచి గోళీలాటలో పడ్డాను. పక్కింటాయన లోపలికి వచ్చి నాయనను చూసి నవ్వాడు. నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ పూట అన్నం తినలేదు. ఆ నవ్వు ఎట్లా ఉంటుందో తెలిసినవాణ్ణే నేను. తెలిసే రాశాను, బాగా పండుతుందని.

నిన్న హరినాథ్ గారి దగ్గరికి పోయి ఆపమని అడిగాను. ఆయన మంచిగానే మాట్లాడాడు. "నవ్వితేనే సరుకు కదులుతాది అబ్బా. పేరు గావాలంటే మారుస్తాం, అదీ కొత్త సంవత్సరం నుంచి. నీ ఇంటి సంగతి నా సబ్బు మీదికి ఎందుకు తెస్తావు?" అన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేను. ఆ నవ్వు ఆయన కనిపెట్టింది కాదు, నేను అమ్మింది.

ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. ఊరకైతే ఉండను.

మీ అన్న


పుత్తూరు,
8 డిసెంబర్.

అన్నకు,

నువ్వు నగరి వచ్చి నన్ను చూడకుండానే పోయావు. నేను సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి మా అత్త వాకిట్లోనే కూర్చుని ఉంది. నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఎందుకంటే నీ గొంతు నీకు వినపడి ఉండదు.

"ఆ సబ్బు ఆటో వచ్చినాది. పాట మొదలయినాది. పిల్లోళ్లు యనకాల ఎగరతా వచ్చినారు. సగంలో పాట ఆగిపోయి, డ్రైవరు పక్కన మైకు పట్టుకోని కూసున్న మీ అన్న మాట్లాడబట్టె, అదే గొంతు. ‘నేను ఈ పాట రాసినోణ్ణి. నా పేరు మునికృష్ణ. గోపన్న అని పెట్టింది మా చెల్లెలి మొగుడు గోపీని సూసి. ఆయప్ప మగ్గం నేస్తాడు, కూడు వండుతాడు, బోకులు తోముతాడు. మా చెల్లెలు పొద్దన్నుంచి బస్సులో నిలబడి పని సేస్తాది. మా నాయన కూడా మాకు వండి పెట్టినాడు, తలుపేసుకోని. ఆయన్ను నవ్వినోళ్లను సూసినా నేను. పెద్దయి నేనూ ఆ నవ్వే నవ్వినా. సిగ్గుపడాల్సింది గోపీ కాదు, నేను.’ ఇట్లా అయిదు వీధులూ తిరిగి సెప్పినాడు. ఆటో డ్రైవరు భయపడి దిగిపోతే ఆయప్పే తోలుకోని పోయినాడు."

"మరి ఈయన బయటికి రాలేదా అత్తా?" అన్నాను.

"రాలేదు. మగ్గం ఆపలేదు. కానీ పోగు తెగినాది, తెలుసునా? ముడెయ్యకుండా ఆడ్నే నిలబడుకోని విన్నాడు."

మూడో వీధిలో కుప్పయ్య ఎదురొచ్చి "ఇంగ చాల్లేప్పా, అర్థమైనాది" అన్నాడట. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు ఏవేవో మాట్లాడి, లేచేటప్పుడు తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. "మా ఇంటామె నడుము నొప్పని పడుకున్న కాన్నుంచి సంగటి గెలికేది నేనేలే గోపీ. మీటింగులో నేను నవ్వకుండా ఉండాల్సింది. వచ్చే ఆదివారం రా." గోపీ ఆయన్ను వీధి దాకా సాగనంపాడు.

నిన్న మీటింగుకు పోయాడు. లేచి నిలబడగానే వెనక ఇద్దరు పాట ఎత్తారట. ఈసారి ఆయన కూర్చోలేదు. "బోకులు తోమేది నిజమే, ఇయ్యాల పొద్దన కూడా తోమి వచ్చినా. ఇంగ నూలు సంగతి మాట్లాడదాం" అన్నాడు. అరగంట మాట్లాడాడు. నూలు ఇచ్చేవాళ్ల దగ్గరికి పోయే నలుగురిలో ఆయన పేరు కూడా రాశారు.

తోమి వచ్చిన మాట నిజం. నిన్న పొద్దున నేను వంటింట్లోకి పోయేసరికి పొయ్యి మీద ఎసరు ఉంది. ఆయన నా మణికట్టు వైపు చూసి, "రెండు నెలలు తప్పు చేసినా" అన్నాడు. నేను అవునన్నాను.

నా వంతు కూడా నేను చేశాను. మా బస్సులో రోజూ వచ్చేవాళ్లున్నారు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, నర్సులు, టీచర్లు. అందరికీ చెప్పి, ‘ఆ ప్రకటన ఆగేదాకా తళుకు మా ఇళ్లలోకి రాదు’ అని కాగితం రాసి సంతకాలు పెట్టించాను. అరవై ఒకటి. హరినాథ్ గారికి స్పీడ్ పోస్టులో పంపాను. జవాబు రాకపోతే మళ్లీ పంపుతాను, ఈసారి మూడు బస్సుల సంతకాలతో.

నువ్వు వీధికి క్షమాపణ చెప్పావు, మంచిది. నాకు ఇంకా చెప్పలేదు. ఉద్యోగం గురించి ఆలోచించుకోమని రాశావు చూడు, దానికి.

కోమలి


గూడూరు,
30 జనవరి 2026.

కోమలీ,

ఆ ఒక్క వాక్యానికి ఎన్నిసార్లు తల వంచినా చాలదు. నీ తొమ్మిదేళ్ల ఉద్యోగాన్ని నేను ఒక పూట వంటతో తూచాను. తప్పయింది. నన్ను క్షమించు అని రాయడం కూడా తొందరే. నీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు.

ఆటో సంగతి మరునాడే హరినాథ్ గారికి తెలిసింది. ఆయన మా ఆఫీసుతో పని మానుకున్నాడు, ఆఫీసు నన్ను మానుకుంది. దీనికి బాధపడటం లేదని చెప్తే అబద్ధం. సంక్రాంతికి ముందు తిరుపతిలో పాత సహోద్యోగి బాలచంద్ర కనిపించి చెప్పాడు, ప్రకటన అన్ని ఆటోల్లోంచీ తీసేశారట. మీ కాగితం రెండోసారి వచ్చాక అంగళ్లవాళ్లు సరుకు తిప్పి పంపడం మొదలుపెట్టారట. అది నా మైకు వల్ల కాదు, నీ సంతకాల వల్ల.

సామాను సర్దుకుని హేమశ్రీతో గూడూరు వచ్చేశాను. రాజశ్రీ రమ్మనలేదు, వద్దనలేదు. "ఉంటే పని చెయ్యల్ల" అంది. ఇక్కడ నిమ్మకాయల మండీలకు బోర్డులు రాస్తున్నాను. ఆమె ఏడున్నరకు బస్సెక్కుతుంది. క్యారియర్ నేనే కడుతున్నాను. మొదటి వారం ఆమె బడిలో తినకుండా తెచ్చేసిందని హేమశ్రీ చెప్పింది. ఇప్పుడు ఖాళీ డబ్బా వస్తోంది. మొన్న ఇంటి ఓనరమ్మ నన్ను చూసి "మీ ఆడమనిషికి ఒంట్లో బాలేదా?" అని అడిగింది. "బాగుంది, ఉద్యోగానికి పోయింది. వంట నాది" అన్నాను. గొంతు కొంచెం తడబడింది. రేపు తడబడదు.

హేమశ్రీకి సంగటి ఇష్టం. నేను చేస్తే ఉండలు కడుతోంది. గోపీని అడిగి రాయి. తను రాయాలని నేను అడగను.

మీ అన్న,
మునికృష్ణ


నగరి,
11 ఫిబ్రవరి.

బావకు గోపీ రాసేది.

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. మాట్లాడినట్టే రాస్తాండా. కోమలి రాస్తానన్నాది, సంగటి సంగతి ఆయమ్మికి తెలీదు, నేనే రాస్తానని తీసుకున్నా.

ముందు గుప్పెడు నూక బియ్యం మెత్తగా ఉడకల్ల. నీళ్లు మెండుగా ఉండల్ల. రాగిపిండి మద్దిలో కుప్పగా పొయ్యి. పోసినాక కలపాకు. నువ్వు కలిపేసి ఉంటావు, అందుకే ఉండలు. కట్టెతో నడిమజ్జ ఒక బొక్క పెట్టి, మంట తగ్గించి, మూత పెట్టి ఊరకుండు. ఆవిరి పైకి తన్నినాక దించి, గిన్నెను గట్టిగా అదిమి పట్టుకోని గెలుకు. చెయ్యి నొప్పి పుట్టల్ల. నొప్పి పుట్టకపోతే గెలకనట్టే. చేతికి నీళ్లు అద్దుకోని ముద్ద చెయ్యి. చెనిగ్గింజలు ఏంచి నూరిన ఊరిబిండి పక్కన పెడితే పాప ఇంగో ముద్ద అడుగుతాది.

నువ్వు మైకులో చెప్పింది అంతా విన్నా. అయినా నీతో మాట్లాడాలని అనిపించలేదు. కోపం పూరా పోలేదు బావా, కొంచెం ఉండాది. ఆ దినం మీటింగులో కూర్చున్నది నాకు మతికొస్తానే ఉంటాది. పోతే చెప్తా. పోయినాదని అబద్ధం చెప్పను.

పాపను, రాజశ్రీ అక్కను ఎండాకాలం సెలవుల్లో పంపించు. నువ్వూ రా. వచ్చినోడివి ఊరికే కూసోని తినేదానికి మా ఇంట్లో కుదరదు. మీ చెల్లెలికి ఆ నెలంతా పొద్దున డ్యూటీ.

కరెంటు వచ్చినాది. మగ్గం కాడికి పోతాండా.

గోపీ